అమ్మ మందుల సంచి

మా అమ్మ న్యూజెర్సీ వచ్చిన మూడో వారంలో ఒకరోజు తెల్లవారుజామున మూడింటికి వంటింట్లో లైటు వెలిగింది. వెళ్లి చూస్తే స్టవ్ దగ్గర గిన్నె పట్టుకుని నిలబడి ఉంది. "పాలవాడు ఇంకా రాలేదేమే? మీ నాన్న లేచేసరికి కాఫీ పెట్టాలి" అంది. నాన్న పోయి అప్పటికి నాలుగేళ్లు.

పొద్దున లేచాక మామూలుగానే ఉంది. రాత్రి సంగతి గుర్తులేదు. కాకపోతే కాస్త మందకొడిగా ఉండటం, చెప్పిందే చెప్పడం, కళ్లజోడు పెట్టిన చోటు మర్చిపోవడం. నోరు పిడచకట్టుకుపోతోందని గంటకోసారి మంచినీళ్లు. నాలుగు రోజులుగా విరేచనం లేదు. ప్రయాణ బడలిక అనుకున్నాం. అది తగ్గాల్సిన రోజులు దాటాక విజయవాడ నుంచి తమ్ముడు ఫోన్లో అన్నాడు: "డెబ్బై రెండొచ్చాయి కదక్కా, చాదస్తం మొదలైనట్టుంది." లోపల నేనూ అదే అనుకున్నాను. రెండు వారాలు అదే నమ్మి, రాత్రిళ్లు అల్జైమర్స్ గురించి చదువుతూ గడిపాను.

మాకు రెండు వీధుల అవతల ఉండే స్నేహితురాలు ఫార్మసిస్టు. ఒక సాయంత్రం వచ్చి అమ్మను పలకరించి, వెళ్లబోతూ అడిగింది: "పిన్నిగారు ఏమేం మందులు వేసుకుంటున్నారు?"

బీపీకి ఒకటి, షుగరుకి ఒకటి అన్నాను. మిగతావి నాకు తెలియవు. కన్నకూతురిని, ఒకే ఇంట్లో ఉన్నాను, తెలియవు.

సంచి తెచ్చి భోజనాల బల్ల మీద బోర్లించాం. ఆరు నెలలకు సరిపడా కొని, రబ్బరు బ్యాండ్లు వేసి తెచ్చుకున్న మాత్రల అట్టలు. బీపీకి ఆమ్లోడిపిన్, షుగరుకి మెట్‌ఫార్మిన్. పరగడుపున వేసుకునే గ్యాస్ మాత్ర పాంటాప్రజోల్, ఎనిమిదేళ్లుగా. కాళ్ల తిమ్మిర్లకు రాత్రిపూట అమిట్రిప్టిలిన్, ఆరేళ్లుగా. నిద్రకు ఆల్ప్రాజోలం అర మాత్ర. జలుబు చేస్తే వేసుకోవడానికి క్లోర్‌ఫెనిరమిన్ ఉన్న మాత్రలు. వీటన్నిటి పక్కన ఒక నీలం మాత్రల సీసా. మోకాళ్ల నొప్పులతో నిద్ర పట్టడం లేదంటే ఇక్కడి దుకాణంలో నేనే కొని ఇచ్చాను. దాని పేరు చివర "పీఎం" అని రెండు అక్షరాలున్నాయి. అవేమిటో నేను చదవలేదు.

"ఉమ్మెత్త కాయకు చుట్టాలు మూడున్నాయి ఇందులో" అంది స్నేహితురాలు.

ఆ మాట వైద్యశాస్త్రం ప్రకారం కూడా సరైనదే. ఉమ్మెత్త గింజలు తిన్న పిల్లవాడు ఎలా అవుతాడో మన ఊళ్లలో పెద్దవాళ్లకు తెలుసు. నోరు ఎండిపోతుంది, కంటిపాప పెద్దదై చూపు మసకబారుతుంది, మూత్రం బిగుస్తుంది, గుండె దడదడలాడుతుంది. ఆ తరువాత మతి తప్పి, లేనివాళ్లతో మాట్లాడతాడు, గాలిలో ఏదో ఏరుతుంటాడు. ఉమ్మెత్తలోని అట్రోపిన్, స్కోపొలమిన్ అనే పదార్థాలు శరీరంలో ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం పనిని అడ్డుకుంటాయి. నరాలు ఒకదానికొకటి రసాయనాలతో కబురు పంపుకుంటాయని తేల్చినందుకే ఒట్టో లోవీ, హెన్రీ డేల్ 1936లో నోబెల్ బహుమతి అందుకున్నారు. వాళ్లు మొదట పట్టుకున్న కబురు ఈ ఎసిటైల్‌కోలినే. నోట్లో లాలాజలం ఊరడానికీ, పేగు కదలడానికీ, మూత్రాశయం ముడుచుకోవడానికీ అది కావాలి. మెదడులో ధ్యాస నిలవడానికీ, కొత్త విషయం మనసులో నాటుకోవడానికీ అదే కావాలి. అల్జైమర్స్‌లో ముందుగా దెబ్బతినే వాటిలో దాన్ని తయారుచేసే కణాలు కూడా ఉన్నాయి.

ఇప్పుడు మామూలు మందుల షాపులోకి వద్దాం. సిన్సినాటి విశ్వవిద్యాలయంలో జార్జ్ రీవెషల్ కనిపెట్టిన డైఫెన్‌హైడ్రమిన్ 1946లో బెనడ్రిల్ పేరుతో అమెరికా మార్కెట్లోకి వచ్చింది. దురదకూ దద్దుర్లకూ అది మంచి మందే. కానీ ఉమ్మెత్త చేసే పనిని కొంత అదీ చేస్తుంది. మగత వస్తుంది కాబట్టి తరవాత దాన్నే నిద్రమాత్రగా అమ్మడం మొదలుపెట్టారు. టైలెనాల్ పీఎం, అడ్విల్ పీఎం, జీక్విల్, ఈ పెట్టెలు తిప్పి వెనకవైపు చదవండి, అన్నిటిలోనూ డైఫెన్‌హైడ్రమిన్ కనిపిస్తుంది. యూనిసమ్ మాత్రల్లో, నైక్విల్‌లో ఉండే డాక్సిలమిన్ దీనికి తోబుట్టువు. వాల్‌గ్రీన్స్‌లోనో సీవీఎస్‌లోనో చీటీ లేకుండా, పిప్పరమెంట్లు కొన్నంత తేలిగ్గా కొనుక్కోవచ్చు. చీటీ అక్కర్లేదు కాబట్టి ప్రమాదం లేదని మనవాళ్లు అనుకుంటారు. ముప్పై ఏళ్ల మనిషిలో ఆ మందు మత్తు పొద్దుటికి చాలావరకు దిగిపోతుంది. డెబ్బై దాటిన శరీరంలో మర్నాడు కూడా మిగిలి ఉంటుంది, మర్నాటి రాత్రి మళ్లీ మాత్ర పడుతుంది.

మన దేశంలో దొరికే వాటిలో ఈ కోవకు చెందినవి ఇవి: జలుబుకు వాడే క్లోర్‌ఫెనిరమిన్, ఎలర్జీకి అవిల్, దురదకు అటారాక్స్, కడుపునొప్పికి వాడే సైక్లోపామ్, మెఫ్టాల్ స్పాస్‌లలోని డైసైక్లోమిన్, తిమ్మిర్లకూ తలనొప్పికీ ఇచ్చే అమిట్రిప్టిలిన్, మూత్రం ఆపుకోలేకపోతే ఇచ్చే ఆక్సిబ్యుటినిన్, చేతుల వణుకుకు ఇచ్చే పాసిటేన్. ఒక్కొక్కటీ చిన్న మోతాదే కావచ్చు. ముగ్గురు డాక్టర్లు ఎవరి దారిన వారు రాసిన చిన్న మోతాదులు ఒకే తలలో కలుస్తాయి.

ఇక్కడ రెండు ప్రశ్నలను విడదీసుకోవాలి. వీటిని కలిపేస్తే అయితే భయం, కాకపోతే నిర్లక్ష్యం మిగులుతుంది.

మొదటిది, ఈ మందు ఇవాళ మా అమ్మను మతిమరుపు మనిషిలా చేస్తుందా? చేస్తుంది. ఇందులో వివాదం లేదు. మంచి సంగతి ఏమిటంటే, మందు ఆగితే ఆ మబ్బు చాలావరకు విడిపోతుంది. రెండోది, ఏళ్ల తరబడి వాడితే నిజమైన డిమెన్షియా వచ్చే అవకాశం పెరుగుతుందా? దీనికి జవాబు కొంచెం ఓపికగా వినాలి.

మనవాళ్లు ఎంతోమంది ఉండే సియాటిల్ చుట్టుపక్కలే ఈ విషయం మీద అందరూ ఉదహరించే పరిశోధన జరిగింది. 65 దాటి, అప్పటికి డిమెన్షియా లేని 3,434 మందిని సగటున ఏడేళ్లకు పైగా గమనించారు. వాళ్లు ఏ మందు ఎంత కొన్నారో ఫార్మసీ లెక్కలు పక్కాగా ఉన్నాయి. 797 మందికి డిమెన్షియా వచ్చింది. వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన షెల్లీ గ్రే బృందం 2015లో ప్రకటించిన ఫలితం ఇది: ఈ తరహా మందులు అసలు వాడని వాళ్లతో పోలిస్తే, అందరికన్నా ఎక్కువ వాడిన వాళ్లకు డిమెన్షియా ముప్పు 54 శాతం ఎక్కువగా కనిపించింది. ఎక్కువ అంటే గుప్పెళ్లతో మింగారని కాదు. క్లోర్‌ఫెనిరమిన్ 4 మిల్లీగ్రాములో, ఆక్సిబ్యుటినిన్ 5 మిల్లీగ్రాములో రోజూ మూడేళ్లకు పైగా వేసుకుంటే ఆ లెక్కలోకి వస్తారు. మానేసిన తరవాత కూడా ముప్పు మిగిలి ఉండవచ్చనే సూచన సైతం అందులో ఉంది.

2019లో బ్రిటన్‌లోని నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయం వాళ్లు డిమెన్షియా వచ్చిన 58,769 మంది రికార్డులను, రాని 2,25,574 మంది రికార్డులతో పోల్చారు. కుంగుబాటుకు, మూత్రాశయానికి, పార్కిన్సన్స్‌కు వాడే ఈ తరహా మందుల విషయంలో దాదాపు అంతే సంబంధం కనిపించింది. ఎలర్జీ మాత్రల విషయంలో మాత్రం కనిపించలేదు. అయితే అక్కడ లెక్కించినవి డాక్టరు చీటీ మీద ఇచ్చిన మందులే. షాపులో సొంతంగా కొనుక్కున్నవి ఆ రికార్డుల్లోకి రావు.

ఇవన్నీ జరిగినదాన్ని గమనించి చెప్పిన లెక్కలు. నిద్ర పట్టకపోవడం, దిగులు, మూత్రం ఆగకపోవడం, ఇవి డిమెన్షియా బయటపడటానికి ఏళ్ల ముందే దాని తొలి గుర్తులుగా రావచ్చు. అప్పుడు మందు జబ్బును తెచ్చిందా, రాబోయే జబ్బే ఆ మందును తెప్పించిందా అన్నది తేల్చడం కష్టం. పరిశోధకులు ఈ సందేహాన్ని తామే లేవనెత్తి, చివరి ఏడాది మందులను లెక్కలోంచి తీసేసి కూడా చూశారు. పూర్తిగా తేలలేదు. నా మట్టుకు నాకు దీన్నుంచి అందిన సంగతి ఇంతే: ఏళ్ల క్రితం వేసుకున్న మాత్రల గురించి కుమిలిపోనక్కర్లేదు. ఇవాళ మగత తెచ్చే మాత్ర, దానికి బదులుగా మరొకటి దొరుకుతున్నప్పుడు, రేపు వేసుకోవడానికి కారణమూ లేదు.

ఆల్ప్రాజోలం కథ వేరు. ఆ కుటుంబం మందులకూ అల్జైమర్స్‌కూ సంబంధం ఉందని 2014లో కెనడాలోని క్యూబెక్ లెక్కలు చెప్పాయి. ఎక్కువ వాడిన వాళ్లలో అలాంటి ముప్పేమీ కనిపించలేదని 2016లో అదే సియాటిల్ బృందం చెప్పింది. డిమెన్షియా సంగతి అలా ఉంచినా, పెద్దవాళ్లు రాత్రిపూట తూలి పడి తుంటి ఎముక విరగడంలో, మాట తడబడటంలో, జ్ఞాపకం జారడంలో ఈ మందుల పాత్ర గురించి సందేహమే లేదు. వీటితో అసలు ఇబ్బంది మానడంలో ఉంది. కల్లులో ఆల్ప్రాజోలం, డైజిపాం కలిపి అమ్మిన ఊళ్లలో సరఫరా ఒక్కసారిగా ఆగినప్పుడు, రోజూ తాగేవాళ్లు పిచ్చెత్తినట్టై, ఫిట్స్ వచ్చి ఎర్రగడ్డ మానసిక ఆస్పత్రికి చేరిన వార్తలు తెలంగాణ వాళ్లు చదివే ఉంటారు. చక్కటి చీటీ మీద కొన్న మాత్రకైనా శరీరం అలాగే అలవాటు పడుతుంది. భౌతికంగా ఆధారపడిపోవడం, మానేటప్పుడు వచ్చే ప్రమాదాల గురించి అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2020లో ఈ మందుల హెచ్చరికను మరింత కఠినం చేసింది. అందుచేత, దయచేసి వినండి: ఈ అధ్యాయం చదివి రేపు పొద్దున్నే మీ అమ్మగారి ఆల్ప్రాజోలం చెత్తబుట్టలో వేయకండి. డాక్టరు చెప్పిన పద్ధతిలో వారాల మీద, ఒక్కోసారి నెలల మీద తగ్గించాలి. అమిట్రిప్టిలిన్ కూడా అంతే.

ఇక తిమ్మిర్లు. మా ఇంట్లో ముడి వీడింది ఇక్కడే కాబట్టి కాస్త ఆగి చెబుతాను. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే ఒంట్లో బీ12 విటమిన్ తగ్గుతుంది. పాంటాప్రజోల్ లాంటి గ్యాస్ మాత్రలు కూడా, జీర్ణాశయంలో ఆమ్లాన్ని తగ్గించి, తిండిలోంచి బీ12 విడిపడకుండా చేస్తాయి. ఆ పైన మనిషి శాకాహారి. బీ12 తగ్గితే అరికాళ్లలో తిమ్మిర్లు, మంటలు, ఆ తరవాత మతిమరుపు. మా అమ్మకు తిమ్మిర్లు వస్తే షుగరు వల్లే అన్నారు, అమిట్రిప్టిలిన్ ఇచ్చారు. అది నోరు ఎండబెట్టింది, విరేచనం ఆపింది, తల మొద్దుబార్చింది. రక్తపరీక్షలో బీ12 బాగా తక్కువని తేలింది. ఒక మందు తెచ్చిన బాధను కొత్త జబ్బు అనుకుని మరో మందు రాయడం, దాని బాధకు ఇంకొకటి, ఇలా గొలుసు సాగుతుంది. జ్ఞాపకశక్తి కోసం డోనెపెజిల్ ఇచ్చాక మూత్రం ఆగడం లేదని ఆక్సిబ్యుటినిన్ రాసిన సందర్భాలు వైద్య సాహిత్యంలో నమోదై ఉన్నాయి. మొదటిది ఎసిటైల్‌కోలిన్‌ను నిలబెట్టాలని చూస్తుంటే, రెండోది దాన్ని అడ్డుకుంటుంది.

బీ12 విషయంలో మరొక జాగ్రత్త. మన భీమవరంలో పుట్టి అమెరికాలో పనిచేసిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం 1940ల్లో లెడర్లీలో ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. 1998 నుంచి అమెరికాలో అమ్మే గోధుమపిండిలో చాలా రకాలకు దాన్ని కలపడం తప్పనిసరి. ఫోలిక్ ఆమ్లం రక్తహీనతను సరిచేస్తుంది గానీ, బీ12 లోపంతో జరిగే నరాల నష్టాన్ని ఆపలేదు. కాబట్టి "హిమోగ్లోబిన్ బాగానే ఉందన్నారు" అని ఊరుకోవద్దు, బీ12 విడిగా చూపించండి. ఊళ్లోనే చేయించుకుని బయలుదేరితే మరీ తేలిక. విజిటర్ ఇన్సూరెన్సులు పాత జబ్బుల ఖర్చులు ఇవ్వడానికి సాధారణంగా ఒప్పుకోవు.

గ్యాస్ మాత్రకూ డిమెన్షియాకూ నేరుగా సంబంధం ఉందా అన్నది ఇంకా తేలని మాట. 2016లో జర్మనీ లెక్క ఉందంది. 2023లో ఒక అమెరికా పరిశోధన నాలుగున్నరేళ్లకు దగ్గరగానో, అంతకు మించో వాడిన వాళ్లలో ముప్పు 33 శాతం ఎక్కువంది. మధ్యలో వచ్చినవి కొన్ని లేదన్నాయి. కానీ ఎనిమిది వారాలు రాయాల్సిన మాత్ర ఎనిమిదేళ్లు ఎందుకు సాగిందని అడగడానికి డిమెన్షియా భయమే అక్కర్లేదు.

అన్ని మాత్రల మీదా అనుమానం వద్దు. బీపీ మందు మెదడును కాపాడే వాటిలో ఒకటి. అమెరికాలో 9,361 మంది మీద జరిగిన స్ప్రింట్ పరిశోధనలో, పై అంకెను 120 లోపు ఉంచడానికి ప్రయత్నించిన వాళ్లలో, డిమెన్షియాకు ముందు మెట్టు లాంటి జ్ఞాపకశక్తి తగ్గుదల 19 శాతం తక్కువగా కనిపించిందని 2019లో ప్రకటించారు. కొలెస్టరాల్‌కు వాడే స్టాటిన్ల గురించి, కొందరికి మతిమరుపు అనిపించవచ్చు, మానితే పోతుంది అని 2012లో ఎఫ్‌డీఏ ఒక మాట చేర్చింది. ఆ మాట వాట్సాప్‌లో పెద్దదై తిరుగుతోంది. మధ్యవయసులో చెడ్డ కొలెస్టరాల్ ఎక్కువగా ఉండటాన్నే లాన్సెట్ వైద్య పత్రిక కమిషన్ 2024లో డిమెన్షియా ముప్పు పెంచే అంశాల జాబితాలో చేర్చింది. బీపీ మందు, స్టాటిన్, ఈ రెండూ ఎవరి సంచిలో ఉన్నా అందులోనే ఉండాలి.

సంచి ఎలా విప్పాలి? అమెరికాలో మందులన్నీ ఒక గోధుమరంగు కాగితపు సంచిలో వేసి డాక్టరుకో ఫార్మసిస్టుకో చూపించే పద్ధతి ఉంది. చీటీ మీద కొన్నవి, చీటీ లేకుండా కొన్నవి, ఆయుర్వేదం, కంటి చుక్కలు, పక్కింటావిడ ఇచ్చినవి, అన్నీ. ఇక్కడి ఫార్మసీలో కౌంటరు దగ్గర మాట్లాడటానికి డబ్బు అడగరు, మనమే మొహమాటపడతాం. గ్రీన్‌కార్డుతో వచ్చిన తల్లిదండ్రులకు మెడికేర్ రావాలంటే సాధారణంగా ఐదేళ్లు ఇక్కడ ఉండాలి, ఆలోగా ఈ కౌంటరే దిక్కు. అక్కడ "బీర్స్ జాబితా ప్రకారం ఇందులో మానుకోవాల్సినవి ఉన్నాయా?" అని అడగండి. పెద్దవాళ్లకు సరిపడని మందుల పట్టిక అది. డాక్టర్ మార్క్ బీర్స్ 1991లో మొదలుపెట్టారు, అమెరికన్ జెరియాట్రిక్స్ సొసైటీ 2023లో సవరించింది. బదులు మందులు చాలావాటికి ఉన్నాయి. ఎలర్జీకి క్లారిటిన్, అలెగ్రా లాంటివి, మూత్రాశయానికి మిరాబెగ్రాన్. నిద్రకు మాత్ర కన్నా నిద్ర అలవాట్లు మార్చే చికిత్స మేలు.

అన్నిటికన్నా కష్టమైనది అమ్మతో మాట. "ఆ డాక్టరు గారి హస్తవాసి మంచిది, ఆయన రాశాక మనమెవరమే తియ్యడానికి?" అంది మా అమ్మ. నమ్మిన చేతిని తప్పుపడితే సంచి మూతి బిగుసుకుంటుంది. అందుకని నేను వాదించలేదు. ఒక తెల్లకాగితం మీద గీతలు గీసి, "ఒక్కోటి ఎందుకో నాకు చెప్పు, నేను రాసుకుంటాను, రేపు నువ్వు లేనప్పుడు డాక్టరు అడిగితే నాకు తెలియాలి కదా" అన్నాను. మందు పేరు, ఎప్పటినుంచి, ఎవరు రాశారు, ఎందుకు. సంచి యజమాని ఆవిడే కావాలి. క్యూబెక్‌లో 2014లో ఒక ప్రయోగం చేశారు. ఏళ్లుగా నిద్రమాత్రలు వాడుతున్న పెద్దవాళ్లకే నేరుగా, వాళ్లకు అర్థమయ్యే భాషలో, నష్టమేమిటో, మెల్లగా ఎలా తగ్గించాలో చెప్పే చిన్న పుస్తకం పంపారు. ఆరు నెలల్లో 27 శాతం మంది పూర్తిగా మానేశారు. పుస్తకం అందని వాళ్లలో మానినవాళ్లు 5 శాతం.

ఒక హెచ్చరిక ఇక్కడ చెప్పాలి. గంటల్లోనో ఒకటి రెండు రోజుల్లోనో హఠాత్తుగా మతి తప్పితే, జ్వరం ఉంటే, మూత్రం బిగిస్తే, మూతి వంకరపోతే, సంచి విప్పుతూ కూర్చోకండి, 911కి ఫోన్ చేయండి. మందు ఎక్కువ పడిందన్న అనుమానం ఉంటే విషప్రభావాల సహాయ కేంద్రం నంబరు 1-800-222-1222, ఏ వేళైనా పలుకుతారు.

మా ఇంట్లో నీలం సీసా ఆ రాత్రే తీసేశాం, వారంలోపు రాత్రి మాటలు ఆగాయి. బీ12 ఇంజక్షన్లు మొదలయ్యాయి. ఊళ్లో డాక్టరుతో వీడియోలో మాట్లాడి అమిట్రిప్టిలిన్ మెల్లగా తగ్గించాం. నోట్లో తడి వచ్చింది, కబుర్లూ వచ్చాయి. పేర్లు మర్చిపోవడం ఇంకా ఉంది. డెబ్బై రెండేళ్లకు అది మామూలో, గమనించాల్సినదో ఏడాదికోసారి పరీక్ష చేయించి చూస్తున్నాం.

కాగితం నింపడానికి మాకు మూడు సాయంత్రాలు పట్టింది. ఆల్ప్రాజోలం వరసకు వచ్చేసరికి అమ్మ నా చేతిలో పెన్ను తీసుకుంది. "ఎందుకు" అన్న గడిలో తనే రాసింది: "మీ నాన్న పోయిన వారం, నిద్ర పట్టక." ఎప్పటిదాకా వాడాలో ఎవరూ చెప్పలేదంది. ఊరికి తిరిగి వెళ్లాక ఆ కాగితాన్ని డాక్టరు గారి ముందు పెట్టింది. ఆయన ఆ గడి దగ్గర ఆగి, "ఇప్పుడు నిద్ర ఎలా పడుతోందమ్మా?" అని అడిగారట. నాలుగేళ్లలో ఆ ప్రశ్న మొదటిసారి విన్నానని ఫోన్లో చెప్పింది. అర మాత్రను పావుకు తగ్గించి, నెల తరవాత రమ్మన్నారు.